కాళ్ళ మీద సన్నటి నీలం నరాలు: సూదా, లేజరా, వాటికంటే ముందు ఏం చూడాలి

పోయిన వారం మా అపార్ట్‌మెంట్‌లో మూడో ఫ్లోర్ వదిన నన్ను లిఫ్ట్ దగ్గర ఆపి, చుట్టుపక్కల ఎవరూ లేరని చూసుకుని, ప్యాంటు కొంచెం పైకి లాగి మోకాలి పక్కన చూపించింది. ఎర్రవి, ఊదా రంగువి, సన్నటి గీతలు, ఒక చోట మొదలై చెట్టు వేళ్ళలాగా నాలుగు వైపులా పాకి ఉన్నాయి. "నరాలు గిట్ల తేలినయ్, నరాల డాక్టర్‌కి చూపిచ్చుకుందామనుకుంటున్న, మూడు నెలల సంది బీ ట్వెల్వ్ గోలీలు మింగుతున్న, ఏం తగ్గలే" అంది.

నాకు ఇలా కాళ్ళు చూపించినవాళ్ళలో ఆమె నాలుగో మనిషి. ఎందుకంటే నేను ట్రీట్‌మెంట్ చేయించుకున్న సంగతి మా బిల్డింగ్‌లో అందరికీ తెలుసు. నేను ఇంటర్ కాలేజీలో జువాలజీ చెప్తాను, పన్నెండేళ్ళుగా రోజుకి ఐదారు గంటలు బోర్డు ముందు నిలబడటమే నా పని, రెండో కాన్పు తర్వాత నాకూ ఇవి బాగా వచ్చాయి, తీయించుకున్నాను, అందులో ఒకసారి తప్పు చోట తప్పు పద్ధతిలో చేయించుకుని చాలా బాధపడ్డాను కూడా. వదినకి లిఫ్ట్ దగ్గర రెండు నిమిషాల్లో చెప్పలేకపోయింది మొత్తం ఇక్కడ రాస్తున్నా.

ముందు ఆ "నరం" అనే మాట సంగతి చూద్దాం, సగం గందరగోళం అక్కడే ఉంది. మన ఇళ్ళల్లో మెదడు నుంచి కబురు మోసేదీ నరమే, సెలైన్ పెట్టడానికి నర్సు చేతి మీద తట్టి తట్టి వెతికేదీ నరమే, గుండె బైపాస్ చేసేటప్పుడు కాలి నుంచి తీసి వేసేదీ నరమే. పుస్తకంలో అయితే మొదటిది నాడి, మిగతా రెండూ సిరలు, అంటే చెడు రక్తాన్ని గుండెకి తిరిగి తీసుకెళ్ళే గొట్టాలు, కానీ సిర అనే మాట ఇంట్లో ఎవరూ అనరు కదా. దాంతో ఏమవుతుందంటే కాలి మీద గీతలు కనపడగానే "నరాల బలహీనత" అనుకుని బీ12 మొదలుపెడతారు, లేదా న్యూరాలజీ ఓపీలో మూడు గంటలు కూర్చుంటారు. బీ12 పనిచేసేది నాడుల మీద, ఈ గీతలకి దానితో ఏ సంబంధమూ లేదు. దీనికి వెళ్ళాల్సింది వాస్కులర్ సర్జన్, అంటే రక్తనాళాల డాక్టర్ దగ్గరికి, లేదా సిరల పని చేసే ఇంటర్వెన్షనల్ రేడియాలజిస్ట్ దగ్గరికి, చర్మం మీద సన్నటివి మాత్రమే అని తేలాక డెర్మటాలజిస్ట్ కూడా చేస్తారు. పంజాగుట్ట నిమ్స్‌లో వాస్కులర్ సర్జరీకి విడిగా డిపార్ట్‌మెంటే ఉంది, ఆ సంగతి చాలామందికి తెలీదు.

ఇప్పుడు కాలు లోపల ఏం జరుగుతుందో చూద్దాం. మా సెకండియర్ పిల్లలకి చెప్పినట్టే చెప్తా. గుండె రక్తాన్ని కిందికి తోస్తుంది, అది సులువు, కానీ పాదం నుంచి మళ్ళీ పైకి రావాలంటే నాలుగడుగుల ఎత్తు ఎక్కాలి, గుండె తోపు అక్కడిదాకా వచ్చేసరికి దాదాపు అయిపోతుంది. ఆ పని చేసేది పిక్క కండరం. మనం అడుగు వేసిన ప్రతిసారీ పిక్క బిగుసుకుని లోపలి సిరల్ని పిండుతుంది, రక్తం పైకి వెళ్తుంది, వెళ్ళింది వెనక్కి జారకుండా సిరల లోపల ఒకవైపే తెరుచుకునే చిన్న చిన్న కవాటాలు ఉంటాయి. కాలి రక్తంలో దాదాపు 90 శాతం కండరాల మధ్యలో ఉండే పెద్ద సిరల్లోనే పోతుంది, చర్మం కింద ఉండేవాటి వాటా 10 శాతమే. కదలకుండా నిలబడితే చీలమండ దగ్గర సిరల్లో ఒత్తిడి, బీపీ కొలిచే లెక్కలోనే, 80, 90 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది, అదే నడిస్తే 30 కిందికి పడిపోతుంది. నిలబడటానికీ నడవడానికీ అంత తేడా ఉంది. పిక్క పని చేయకుండా గంటలు గంటలు నిలబడితే ఆ బరువంతా సిరల గోడల మీద, కవాటాల మీద పడుతుంది, గోడలు సాగుతాయి, కవాటం రెండు రెక్కలూ సరిగ్గా కలవవు, రక్తం వెనక్కి జారడం మొదలవుతుంది.

ఉబ్బిన సిరలన్నీ ఒకటి కావు. చర్మం పై పొరలోనే, ఒక మిల్లీమీటర్ కంటే సన్నగా, ఎర్రగానో ఊదాగానో కనిపించేవి థ్రెడ్ వెయిన్స్, స్పైడర్ వెయిన్స్ అని కూడా అంటారు, డాక్టర్ల మాటలో టెలాంజియెక్టేసియా. కొంచెం లోతులో, ఒకటి నుంచి మూడు మిల్లీమీటర్ల లావుతో నీలి ఆకుపచ్చ రంగులో కనిపించేవి రెటిక్యులర్ వెయిన్స్. మూడు దాటి, నిలబడితే తాళ్ళలాగా మెలికలు తిరిగి ఉబ్బేవి వేరికోస్ వెయిన్స్. డాక్టర్లకి దీనికో లెక్క ఉంది, సీప్ అంటారు, 1994లో తయారైంది, 2020లో మళ్ళీ సరిచేశారు. అందులో ఏమీ లేకపోతే సీ0, థ్రెడ్ వెయిన్సూ రెటిక్యులర్ వెయిన్సూ సీ1, వేరికోస్ వస్తే సీ2, కాలు వాపు సీ3, చర్మం నల్లబడి గట్టిపడటం సీ4, మానిన పుండు సీ5, మానని పుండు సీ6. మీ ప్రిస్క్రిప్షన్ మీద సీ1 అని ఉంటే భయపడాల్సింది లేదు. అలాగని సీ1 అందరికీ వరసగా సీ6 దాకా పోతుందని కూడా అనుకోవద్దు, ఎక్కువమందికి అది అక్కడే ఉండిపోతుంది.

ఎందుకు వస్తాయంటే మొదటి కారణం వంశం. మా అమ్మకి ఉన్నాయి, అమ్మమ్మకి ఉండేవట, నాకు వచ్చాయి. ఆడవాళ్ళ హార్మోన్లు సిరల గోడల్ని వదులు చేస్తాయి కాబట్టి గర్భంలోనూ, గర్భనిరోధక మాత్రలు వాడేటప్పుడూ ఎక్కువవుతాయి. వయసు, బరువు కూడా తోడవుతాయి. నిలబడే ఉద్యోగం ఉన్నవాటిని ముదిరేలా చేస్తుంది. దసరా ముందు కూకట్‌పల్లిలోనో అబిడ్స్‌లోనో చీరల షాపుకి వెళ్ళినప్పుడు నా కళ్ళు ఇప్పుడు చీరల మీద కంటే ముందు ఆ సేల్స్ అమ్మాయిల కాళ్ళ మీదకి పోతాయి, పొద్దున పదింటికి నిలబడితే రాత్రి తొమ్మిది దాకా, మధ్యలో తిండికి తప్ప కూర్చునే పని లేదు, స్టూల్ ఉన్నా కూర్చుంటే సూపర్‌వైజర్ చూస్తాడు. కేరళలో 2018లో, తమిళనాడులో 2021లో షాపుల్లో పనిచేసేవాళ్ళకి కూర్చునే ఏర్పాటు ఉండాలని చట్టమే తెచ్చారు, అలాంటి చట్టం తేవడానికి వెనకున్న కారణాల్లో ఈ కాళ్ళ బాధ ఒకటి. కాళ్ళ మీద కాళ్ళు వేసుకుని కూర్చుంటే ఇవి వస్తాయని అంటారే, దానికి మాత్రం గట్టి ఆధారం లేదు.

సరే, అసలు ముఖ్యమైన ప్రశ్నకి వద్దాం. పైన కనిపించేది పైన మాత్రమే ఉన్న విషయమా, లేక కింద ఇంకేదైనా లీకవుతుంటే దాని జాడా? గోడ మీద చెమ్మ మచ్చ వచ్చిందనుకోండి, లోపల పైపు కారుతుంటే పైన ఎన్నిసార్లు పెయింట్ వేసినా మచ్చ మళ్ళీ వస్తుంది. ఇదీ అంతే. థ్రెడ్ వెయిన్స్ చాలావాటికి కిందనే ఒక రెటిక్యులర్ సిర ఉంటుంది, దాన్ని ఫీడర్ అంటారు, దానికి కూడా కింద ఒక్కోసారి తొడ లోపలి వైపు నుంచి పాదం దాకా వచ్చే పెద్ద సఫీనస్ సిర కవాటాలు పోయి ఉంటాయి, ఇందాక చెప్పిన బైపాస్‌కి వాడే సిర అదే. కింద ఉన్నదాన్ని వదిలేసి పైన గీతలు చెరిపితే కొన్ని నెలల్లో మళ్ళీ వస్తాయి, అప్పుడు అందరూ "ట్రీట్‌మెంట్ పని చేయలేదు" అంటారు.

మరి ఎవరికి అనుమానించాలి? సాయంత్రానికి కాళ్ళు బరువెక్కి లాగుతుంటే, చెప్పులు బిగుతైపోతుంటే, రాత్రిళ్ళు పిక్క పట్టేస్తుంటే, చీలమండ పైన చర్మం గోధుమ రంగుకి తిరుగుతుంటే, దురద పెడుతుంటే. ఇంకో గుర్తు ఉంది, చాలామంది గమనించరు. చీలమండ లోపలి వైపు, పాదం అంచున, విసనకర్రలాగా పరుచుకున్న సన్నటి నీలం గీతల గుత్తి. దాన్ని కరోనా ఫ్లెబెక్టాటికా అంటారు (కరోనా అంటే కిరీటం, వైరస్‌తో సంబంధం లేదు). తొడ మీద వచ్చిన గీతలూ ఇవీ చూడటానికి ఒకేలా ఉంటాయి కానీ, ఈ చోట వచ్చాయంటే లోపల సిరల్లో ఒత్తిడి పెరిగిందనే అర్థం, 2020 లెక్కలో దీన్ని నేరుగా సీ4 కింద వేశారు. వదిన చూపించినప్పుడు నేను మోకాలు చూసి ఊరుకోలేదు, చెప్పు విప్పించి పాదం చూశాను.

దీనికి చేసే పరీక్ష డాప్లర్ స్కాన్. నిలబెట్టి చేయాలి, ఇది గుర్తుపెట్టుకోండి, పడుకోబెట్టి మాత్రమే చేస్తే రక్తం కిందికి జారడం సరిగ్గా బయటపడదు. నాకు చేసినప్పుడు ఒక చిన్న స్టూల్ ఎక్కించారు, బరువంతా రెండో కాలి మీద వేయమన్నారు, తొడ మీద చల్లటి జెల్ రాసి ఆ మేడమ్ ఒక చేత్తో ప్రోబ్ పట్టుకుని ఇంకో చేత్తో నా పిక్కని గట్టిగా పిండి వదిలారు. పిండినప్పుడు మెషీన్లోంచి "హుష్" అని శబ్దం వచ్చింది, రక్తం పైకి వెళ్ళిందన్నమాట, వదిలాక మంచి సిరలో నిశ్శబ్దం ఉండాలి. వదిలాక కూడా ఆ శబ్దం అర సెకను కంటే ఎక్కువసేపు వస్తే పైపై సిరల్లో కవాటం లీక్ అని లెక్క. నా కుడి కాలిలో వదిలాక ఏ శబ్దం రాలేదు, ఎడమ కాలిలో కూడా రాలేదు. నావి పైపైనే ఉన్నవి అని ఆ రోజు తేలింది. నొప్పి లేదు, సూది లేదు, పావుగంట పని. అది తేల్చుకోకుండా అప్పటికే నేను చాలా డబ్బు పోసి ఉన్నాను.

ఆ సంగతి చెప్పాలి. రెండేళ్ళ ముందు ఒక స్కిన్ క్లినిక్‌కి వెళ్ళాను, పేరు రాయను. రిసెప్షన్‌లోనే ఆరు సిట్టింగుల లేజర్ ప్యాకేజీ, ఈ రోజే కడితే డిస్కౌంట్ అన్నారు, కట్టేశాను. స్కాన్ లేదు, పాదం చూసింది లేదు, నిలబెట్టి చూసింది కూడా లేదు. రెండో సిట్టింగ్ అయిన రాత్రి కాలు మండిపోయింది, పొద్దున చూస్తే తొడ పక్కన అగ్గిపెట్టె పడుకోబెట్టినట్టు నాలుగు మూలల ఎర్రటి ముద్రలు, వరసగా ఐదు, ఆ మెషీన్ గాజు మూతి ఆకారం అచ్చు దిగిపోయింది. బొబ్బలు తగ్గాక అవి నల్ల మచ్చలయ్యాయి. నీలం గీతలు మాత్రం అలాగే ఉన్నాయి. తర్వాత వాస్కులర్ సర్జన్ ఆ రసీదు చూసి అది లేజర్ కూడా కాదు, ఐపీఎల్ అన్నారు, అంటే రకరకాల రంగులు కలిసిన గట్టి ఫ్లాష్ లైట్ లాంటిది. ఆ ముద్రలు పోవడానికి ఏడాదిన్నర పట్టింది, ఆ ఏడాదిన్నర నేను కట్టుకున్నవన్నీ చీరలే.

ఇది ఎందుకు జరిగిందో అర్థం చేసుకుంటే లేజర్ గురించి మొత్తం అర్థమవుతుంది. లేజర్ వెలుగు చర్మం దాటి లోపలికి వెళ్ళి రక్తంలో ఉన్న ఎర్ర రంగుకి తగిలి వేడవ్వాలి, ఆ వేడికి సిర గోడ మాడి మూసుకుపోవాలి, పక్కనున్న చర్మానికి ఏమీ కాకూడదు. ఒక్కో రంగు పదార్థం ఒక్కో రకం వెలుగునే బాగా పీలుస్తుంది అన్న ఆ సూత్రాన్ని 1983లో అండర్సన్, పారిష్ అనే ఇద్దరు డాక్టర్లు రాశారు, ఈ లేజర్లన్నీ దాని మీదే నిలబడ్డాయి. కానీ దారిలో ఇంకో రంగు ఉంది, మన చర్మంలోని మెలనిన్. అదీ వెలుగు పీల్చుకుంటుంది. తెల్లవాళ్ళకి మెలనిన్ తక్కువ కాబట్టి 532, 595 నానోమీటర్ల పొట్టి తరంగాల లేజర్లు నడుస్తాయి, మనలాంటి చామనఛాయ, నల్లటి చర్మానికి అదే వేడి పైనే దిగిపోయి కాలుతుంది. మనకి కొంచెం సేఫ్ అనేది 1064 నానోమీటర్ల ఎన్‌డీ యాగ్ అనే లేజర్, దాని వెలుగుని మెలనిన్ తక్కువ పీలుస్తుంది, లోతుకి కూడా వెళ్తుంది, అది కూడా చర్మాన్ని చల్లబరుస్తూ అనుభవం ఉన్నవాళ్ళు చేయాలి, నొప్పి సూది కంటే ఎక్కువే ఉంటుంది. ముక్కు మీద, బుగ్గల మీద వచ్చే ఎర్ర గీతలకి లేజర్ చక్కగా పనిచేస్తుంది, కాళ్ళ దగ్గరికి వచ్చేసరికి సిరలు లావు, లోతు, పైగా నిలబడగానే కింది నుంచి ఒత్తిడి, అందుకే కాళ్ళకి మొదటి మాట సిరలోకి ఎక్కించి దాన్ని మూసేసే సూది మందే, లేజర్ తర్వాత వస్తుంది. సూది దూరనంత సన్నటివాటికి, ఆ మందు అలర్జీ ఉన్నవాళ్ళకి, సూదంటే కళ్ళు తిరిగేవాళ్ళకి లేజర్ ఆలోచించొచ్చు.

ఇంకో లేజర్ ఉంది, దానితో దీన్ని కలిపేసుకుంటారు. మెట్రో పిల్లర్ల మీద, బస్సుల వెనక "వేరికోస్ వెయిన్స్‌కి లేజర్, ఒక్క రోజులో ఇంటికి" అని బోర్డులు కనిపిస్తాయి కదా, అది చర్మం పైనుంచి కొట్టేది కాదు, మోకాలి దగ్గర చిన్న రంధ్రం నుంచి సఫీనస్ సిర లోపలికి సన్నటి ఫైబర్ పంపించి లోపలి నుంచి కాల్చి మూసేది. కవాటాలు పోయిన పెద్ద సిరకి అది మంచి ట్రీట్‌మెంట్, రేడియో తరంగాలతో, జిగురుతో కూడా అదే పని చేస్తారు. థ్రెడ్ వెయిన్స్‌లోకి ఆ ఫైబర్ దూరే ప్రశ్నే లేదు. కాబట్టి మీకు ఎవరైనా లేజర్ అంటే ఏ లేజర్, పైనుంచా లోపలి నుంచా, మీ కాలిలో దేనికి అని అడగండి.

ఇక సూది మందు, స్క్లెరోథెరపీ. ఇందులో మందు డిటర్జెంట్ జాతిది. గిన్నెల సబ్బు జిడ్డుని ఎలా విడదీస్తుందో అలా సిర లోపలి పొరలో ఉండే కణాల కొవ్వు పొరని ఈ మందు విడదీస్తుంది, లోపలి గోడ దెబ్బతిని, వాచి, రెండు వైపులా అతుక్కుపోతుంది, తర్వాత అది నారలాగా మారితే ఒళ్ళే మెల్లగా దాన్ని కరిగించేసుకుంటుంది. ఎక్కువగా వాడేవి రెండు, పాలిడొకనాల్, సోడియం టెట్రాడెసిల్ సల్ఫేట్. పాలిడొకనాల్ మొదట్లో మత్తు మందుగా తయారైంది, అందుకే మంట తక్కువ, అమెరికాలో దీనికి 2010లో అనుమతి వచ్చింది. అక్కడి లెక్క ప్రకారం ఒక మిల్లీమీటర్ లోపు సన్నటివాటికి 0.5 శాతం, ఒకటి నుంచి మూడు దాకా ఉన్నవాటికి 1 శాతం, ఒక సిట్టింగ్‌లో మొత్తం 10 ఎంఎల్ దాటకూడదు. పూర్వం గాఢమైన ఉప్పునీళ్ళు వాడేవాళ్ళు, అది బాగా మంట, బయటికి కారితే పుండు పడే ప్రమాదమూ ఎక్కువ. మందుని గాలితో కలిపి నురగ చేసి ఎక్కించే పద్ధతి కూడా ఉంది, అది లావు సిరలకి, సన్నటివాటికి నీళ్ళ మందే చాలు.

నా మొదటి సిట్టింగ్ ఎలా జరిగిందంటే, ముందు నిలబెట్టి మార్కర్‌తో గీశారు, పడుకుంటే కొన్ని మాయమైపోతాయి కదా. తర్వాత బల్ల మీద పడుకోబెట్టి, చర్మానికి ఆనించే చిన్న లైటుతో కింద ఉన్న నీలం ఫీడర్ ఎక్కడుందో చూశారు, ముందు దానికి, తర్వాతే పైన సన్నటివాటికి, ఎప్పుడూ పెద్దది నుంచి చిన్నదానికి. సూది 30 గేజ్, ఇన్సులిన్ సూదంత సన్నం. డాక్టర్ గారు కళ్ళకి భూతద్దాల కళ్ళజోడు పెట్టుకుని, సూదిని మొదట్లో కొంచెం వంచి, దాదాపు చర్మానికి సమాంతరంగా పెట్టి ఎక్కించారు. నేను తల ఎత్తి చూస్తున్నా. మందు వెళ్తుంటే ఆ ఎర్రటి వేళ్ళన్నీ ఒక దాని వెంట ఒకటి తెల్లబడిపోయాయి, బోర్డు మీద చాక్‌పీస్ గీతని డస్టర్ తుడుచుకుంటూ పోయినట్టు. రెండు నిమిషాల్లో అక్కడే దోమ కుట్టినట్టు దద్దుర్లు లేచి దురద పెట్టింది, అది మామూలే. ఇరవై అయిదు చోట్ల పొడిచారు, చీమ కుట్టినంత. అరగంటలో అయిపోయింది, కాటన్ అద్ది, ప్రెషర్ స్టాకింగ్ తొడిగి, అప్పటికప్పుడు అరగంట నడవమన్నారు. హాస్పిటల్ కారిడార్‌లో పది రౌండ్లు కొట్టి మెట్రో ఎక్కి ఇంటికొచ్చేశాను.

అందరూ అడిగేది, ఆ సిర మూసేస్తే రక్తం ఎటు పోతుంది అని. ఇందాక చెప్పిన 90 శాతం దారి లోపలే ఉంది, ఈ సన్నటివి మోసేది ఏమీ లేదు, పక్క దారుల్లో పోతుంది.

ఇప్పుడు ఎవరూ ముందు చెప్పని భాగం. సూది వేయించుకున్న మర్నాడు కాలు ముందుకంటే అధ్వాన్నంగా కనిపిస్తుంది, కమిలిన మచ్చలు, ఎర్రదనం. సన్నటివి వాడిపోవడానికి మూడు నుంచి ఆరు వారాలు, కొంచెం లావువి అయితే మూడు నాలుగు నెలలు. ఒక్క సిట్టింగ్‌లో అన్నీ పోవు, రెండు నుంచి నాలుగు పడతాయి, మధ్యలో నాలుగు నుంచి ఆరు వారాల గ్యాప్. కొన్ని చోట్ల మూసుకున్న సిరలో రక్తం గడ్డకట్టి గట్టి ముడిలాగా తగులుతుంది, రెండు వారాల తర్వాత డాక్టర్ సూదితో చిన్న చుక్క పొడిచి దాన్ని పిండేస్తారు, అలా పిండించుకోవాలి, ఎందుకంటే ఆ చిక్కుకున్న రక్తంలోని ఇనుమే చర్మంలోకి దిగి గోధుమ రంగు గీత అవుతుంది. అచ్చం సిర ఎక్కడుందో అక్కడే, నీలం గీత పోయి గోధుమ గీత వచ్చినట్టు. ఎక్కువమందికి ఆరు నెలల నుంచి ఏడాదిలో పోతుంది, కొద్దిమందికి ఇంకా ఉంటుంది. నాకు ఎనిమిది నెలలు పట్టింది. ఇంకొకటి మ్యాటింగ్, సూది వేసిన చోటు చుట్టూ ఎర్రటి జుట్టులాంటి కొత్త గీతలు గుంపుగా రావడం, సాధారణంగా నెలల్లో తగ్గుతుంది, తగ్గకపోతే కింద ఫీడర్ మిగిలిందేమో చూడాలి. మందు పొరపాటున చిన్న ధమనిలోకి పోతే చర్మం చచ్చి పుండు పడుతుంది, ఇది అరుదు, కానీ సూది ఎవరి చేతిలో ఉందనేది ఎందుకు ముఖ్యమో దీంతో తెలుస్తుంది. ఒక్క కాలు మాత్రమే వాచి పిక్క రాయిలా గట్టిపడి నొప్పి పెడితే వెంటనే హాస్పిటల్‌కి వెళ్ళాలి, లోపలి సిరలో గడ్డ కట్టిందేమో చూడాలి, ఆయాసమో ఛాతీ నొప్పో వస్తే ఆలోచించకుండా 108కి ఫోన్ చేయాలి. ఇది చాలా అరుదు, అయినా తెలిసి ఉండాలి.

స్టాకింగ్ గురించి. 20 నుంచి 30 మిల్లీమీటర్ల ఒత్తిడి ఉండేది కొన్ని రోజుల నుంచి రెండు వారాల దాకా వేసుకోమంటారు, డాక్టర్‌ని బట్టి మారుతుంది. కోఠీ సర్జికల్ షాపుల్లో దొరుకుతాయి, కానీ ఎస్, ఎమ్, ఎల్ అని చూసి తెచ్చుకోకండి, పొద్దున్నే లేవగానే, కాలు వాయక ముందు, చీలమండ, పిక్క, తొడ టేప్‌తో కొలిచి ఆ కొలత చీటీతో వెళ్ళండి. మన హైదరాబాద్ ఏప్రిల్, మే ఎండల్లో ఆ మందపాటి మేజోడు తొడుక్కుని ఉండటం నరకం, చెమటకి దద్దుర్లు వస్తాయి, అందుకే నవంబర్ నుంచి ఫిబ్రవరి మధ్య చేయించుకోవడం మంచిదని నా మాట. ఎండ తగిలితే ఆ గోధుమ మచ్చలు ఇంకా నల్లబడతాయి కూడా. నడక ఆపొద్దు, వేడివేడి నీళ్ళ స్నానాలు, జిమ్‌లో బరువులు మాత్రం కొన్ని రోజులు ఆపండి.

పెళ్ళి ఇంకో పదిహేను రోజులు ఉందనగా వెళ్ళి సూది వేయించుకుంటే పెళ్ళి నాటికి కాళ్ళు కమిలిపోయి ఉంటాయి, కనీసం నాలుగైదు నెలల ముందు మొదలుపెట్టాలి. అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్ళే ప్లాన్ ఉన్న పెద్దవాళ్ళు కూడా టికెట్ తేదీ డాక్టర్‌కి ముందే చెప్పండి, ఇరవై గంటలు సీట్లో కదలకుండా కూర్చోవడం మామూలుగానే గడ్డలకి దారి, సూది వేయించుకున్న కొత్తలో అసలు మంచిది కాదు. గర్భిణులకి ఇది చేయరు, పాలిచ్చే తల్లులు ఆగడం మంచిది, నిజానికి కాన్పు తర్వాత కొన్ని నెలల్లో చాలా గీతలు వాటంతట అవే పలచబడతాయి, నేను తొందరపడకుండా ఆగి ఉంటే సగం పోయేవేమో అనిపిస్తుంది. ఇదివరకు కాలి లోపలి సిరల్లో గడ్డ కట్టినవాళ్ళు, మంచం మీద నుంచి లేవలేనివాళ్ళు, కాళ్ళకి రక్తం సరిగ్గా అందని షుగర్ పేషెంట్లు, మైగ్రేన్ ఉన్నవాళ్ళు ఆ సంగతి మొహమాటపడకుండా ముందే చెప్పాలి.

డబ్బు విషయం సూటిగా చెప్తా. అందం కోసం చేయించుకునే థ్రెడ్ వెయిన్స్‌కి హెల్త్ ఇన్సూరెన్స్ రాదు, కాస్మెటిక్ అని పాలసీలోనే తీసేసి ఉంటారు. వేరికోస్ వెయిన్స్‌కి వస్తుంది, కానీ చాలా పాలసీల్లో రెండేళ్ళ వెయిటింగ్ ఉంటుంది, మీ పేపర్ తీసి చూసుకోండి. ప్యాకేజీ మొత్తం ముందే కట్టొద్దు, ఒక్కో సిట్టింగ్‌కి కట్టండి, మొదటి సిట్టింగ్ ఫలితం చూశాక రెండోదానికి వెళ్ళండి. ఏ మందు, ఎంత శాతం అని అడిగి వయల్ చూపించమనండి, సూది వేసేది డాక్టరా టెక్నీషియనా అడగండి, రిజిస్ట్రేషన్ నంబర్ తెలంగాణ మెడికల్ కౌన్సిల్‌లో చూసుకోవచ్చు. ఈ ప్రశ్నలకి విసుక్కునే చోట మీ కాలు పెట్టకండి.

క్రీములు, యాపిల్ సైడర్ వెనిగర్, గట్టిగా నూనె మర్దన, ఇవేవీ సాగిపోయిన సిరని మూయలేవు. మా అమ్మ ఆముదం పట్టించి రుద్దేది, దాని వల్ల చర్మం మెత్తబడింది, అంతే. రోజూ నడక, బరువు తగ్గడం, సాయంత్రం పావుగంట కాళ్ళు దిండ్ల మీద గుండె కంటే ఎత్తులో పెట్టుకోవడం, నిలబడినప్పుడు మడమలు ఎత్తి దించడం, ఇవి ఉన్న గీతల్ని చెరపవు కానీ బరువు, లాగడం తగ్గిస్తాయి. నేను పాఠం చెప్తూనే డయాస్ అంచున మడమలు ఎత్తి దించుతుంటాను. సూదితో మూసిన సిర సాధారణంగా తిరిగి రాదు, కానీ కొత్తవి పుట్టే గుణం ఒంట్లోనే ఉంది కాబట్టి రెండు మూడేళ్ళకి ఒకటి రెండు చోట్ల మళ్ళీ కనిపిస్తాయి. నాకు ఎడమ మోకాలి వెనక ఒకటి మొదలైంది, ఇంకా దాని జోలికి పోలేదు.

అసలు తీయించుకోవాలా అంటే, లోపల లీక్ లేకపోతే తీయించుకోకపోయినా ఏ ప్రమాదమూ లేదు. కానీ కాళ్ళ మీద గీతలే కదా, ఎవరు చూస్తారు అని కొట్టిపారేసేవాళ్ళతో నేను ఒప్పుకోను. మా స్టాఫ్‌లో ఒకావిడ వాళ్ళ పాపతో స్విమ్మింగ్ పూల్‌లో దిగడానికి నాలుగేళ్ళు దిగులుపడింది. ఆ దిగులు చిన్నదేం కాదు.

వదిన రిపోర్ట్ నిన్న వచ్చింది. ఎడమ కాలు శుభ్రంగా ఉంది. కుడి కాలిలో, పాదం అంచున ఆ విసనకర్ర గీతలు ఉన్న కాలే అది, సఫీనస్ సిర తొడ దగ్గర నుంచే లీకవుతోంది. కాబట్టి ముందు ఆ పెద్దదానికి లోపలి నుంచి లేజర్, అది మానిన కొన్ని వారాలకి మిగిలినవాటికి సూది అని డాక్టర్ రాసిచ్చారు. "మరి గోలీలు?" అని అడిగింది. ఆ బీ12 సీసా మీద ఎవరు రాశారో చూశాం, మెడికల్ షాపు అబ్బాయి ఇచ్చాడట. దీపావళి అయ్యాక డేట్ తీసుకుంది, కొలతల టేప్ మా ఇంట్లో నుంచే పట్టుకెళ్ళింది.